నేను ఓర్వని బొమ్మల మేడం

బొమ్మల మేడం పోయిందన్న ముచ్చట నాకు లైనింగ్ గుడ్డ కోస్తుంటె తెల్సింది. నాగోల్ నుంచి వచ్చే పాత గిరాకి ఒకామె మా దిల్‌సుఖ్‌నగర్ మ్యాచింగ్ సెంటర్ల స్టూలు మీద కూసోని, "అక్కా, ఎల్బీనగర్ల పిల్లలను ఆడిపిస్తుండె చూడు, గా మేడం, మొన్న గుండెనొప్పితోని పోయిందంట" అన్నది. నా చేతిల కత్తెర వంకర వోయింది. నోరైతే "అయ్యో" అన్నది. లోపల మొదలు వచ్చిన మాట వేరే. "మా సిరికి చెప్పొద్దు" అనుకున్న.

చెప్తే అది ఏడుస్తది. నా బిడ్డ ఆమె కోసం ఏడుస్తది. గది నేను చూడలేను. సిరి ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతుంది, నాకంటె ఎత్తు పెరిగింది, అయినా చూడలేను. నాకు ఆమె మీద కుళ్లు. ఉత్త కుళ్లు గాదు, కడుపు మండే కుళ్లు. సచ్చిపోయిన మనిషి మీద గూడ ఉంటదా అంటె, ఉంటది. నా కాడ ఉంది.

అవి తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. మా ఆయన జూనియర్ కాలేజీల లెక్చరర్. జేఏసీల తిరుగుతుండె. ఒకనాడు తెల్లారంగ మా ఇంటికి పోలీసు జీబొచ్చింది. అసెంబ్లీ ముట్టడి ఉందంటె ముందుగాల్నే పట్టుకపోవుడు అప్పుడు మామూలే. మా ఆయన బనీను మీద ఉండె. జర అంగీ అన్న తొడుక్కోనియ్యిరి అని నేను లొల్లి వెడ్తున్న. సిరికి అప్పుడు ఆరేండ్లు. పాల గిలాస పట్టుకొని గడపల నిలవడ్డది. జీబు మలుపు తిరిగేదాక జూసింది. ఏడ్వలే. గిలాస నా చేతికిచ్చి లోపలికి వోయింది. గంతే, ఇగ మాట బంద్ అయింది.

మా ఆయన మెడల పూలదండతోని తిరిగొచ్చిండు. వాడకట్టంత జై తెలంగాణ అన్నది. సిరి ఆయన మొఖం జూసింది, అంగీ కొస పట్టుకున్నది, మాట మాత్రం లేదు. బడిల మాట్లాడదు, ఇంట్ల మాట్లాడదు. బతిమిలాడిన, భయం వెట్టిన, కొనియ్యని వస్తువు లేదు. దవాఖానకు తీసుకపోతె గొంతు మంచిగనే ఉందన్నరు, చెవులు మంచిగనే ఉన్నయన్నరు. ఆఖరుకు ఒక పిల్లల డాక్టరు, "దీనికి మందు లేదమ్మా. ఆటలతోనే బాగుచేసే ఆమె ఒకరున్నరు, ఆడికి తీసుకపోరి" అన్నడు.

ఆమెది గోదావరి దిక్కు. ఎన్కట్నే వచ్చి ఎల్బీనగర్ల ఒక గల్లీల కిరాయికి ఉంటుండె. బయట 'ప్లే థెరపీ' అని చిన్న బోర్డు.

మా ఆయన సంగతి విని నారాజ్ అయిండు. "ఆడుకోనీకి గూడ డాక్టరా? గీ టైముల తెలంగాణల నీకు ఇంకెవ్వరు దొర్కలేదా? ఆంధ్రామెనే దొరికిందా?"

"దొరికితే చెప్పు, రేపే ఆడికి పోత" అన్న. ఆయనను జీబు ఎక్కిస్తుంటే చూసే బిడ్డకు మాట వోయిందని ఆయనకు గుడ తెల్సు.

ఆమె ముందటి రూంల ఒక చాప, ఇసుక పోసిన చెక్క తొట్టి, వేలంత మనుషుల బొమ్మలు, పుల్లలతోని కట్టిన ఇల్లు, వంట సామాను, ఒక పులి, ఒక జీబు. గంతే. నేను పెద్ద పెద్ద మిషన్లు ఉంటయనుకున్న. ఆమె గంజి వెట్టిన నూలు చీర కట్టుకొని, "రామ రామ" అనుకుంట గోడ పట్టుకొని, ఒక్కో మోకాలు ముడుసుకుంట కిందికి దిగేది. ఆ మోకాళ్లకు కుర్చీ కావాలె. అయినా పిల్లలు కింద ఉంటె ఆమె కిందనే. గాజులు తీసి కిటికీల పెట్టేది, సప్పుడైతదని. గోర్లల్ల ఎప్పుడు జూసినా ఏదో ఒక రంగు ఇరుక్కోని ఉండేది. చాయ పోసుకొని పక్కకు పెట్టేది, మీగడ కట్టినంక ఒక్క గుక్కల తాగి మొఖం చిట్లించేది. వేడి మీద తాగొచ్చు గద అని నాకు నోటిదాక వచ్చేది.

ఇగ ఆమె మాట. ఆమెకు అడుగుడు రాదు. నిజంగ చెప్తున్న, ఆమె నోట్ల ప్రశ్న అనేది లేదు. తొలినాడు సిరి చెప్పులు విడ్సి గోడకు అతుక్కోని నిలవడ్డది. ఎవరైనా ఏమంటరు? నీ పేరేంది బంగారం, ఏ క్లాసు అంటరు. ఆమె గది అనలే. "గోడ దగ్గర నిలబడ్డావు. అక్కణ్ణుంచి అన్నీ కనపడుతున్నాయి" అన్నది. కొంచెం సేపైనంక, "పులి వంక చూస్తున్నావు" అన్నది. నాకు నవ్వొచ్చింది. గిది నాకు గుడ కనవడుతుంది గద, గీ మాట చెప్పనీకి గింత దూరం రావాల్నా అనుకున్న.

శభాష్ అనదు. మంచిపిల్లవు అనదు. సిరి బొమ్మ గీసి చూపిస్తె, "అంతా ఎరుపే వేశావు" అంటది. నన్ను తలుపు బయట బెంచి మీద కూసోవెట్టేది. ఆట అయినంక నేను పోయి, "ఏమాడింది మేడం? ఏమన్న చెప్పిందా?" అని అడిగితే ఒకటే జవాబు. "లోపల ఆడింది లోపలే ఉంటుందమ్మా. మీరు భయపడాల్సింది ఉంటే నేనే చెబుతాను." ఇంకా పీకి పీకి అడిగితే, "అది తనిష్టమండి." తనిష్టమంట! ఆరేండ్ల పిల్లకు ఇష్టమేంది? అన్నం నేను పెడ్తున్న, జడ నేను ఏస్తున్న, దాని లోపల ఏముందో మాత్రం ఆ గోదారామెకు తెలుస్తది, నాకు తెల్వద్దు.

సిరికి ఆమె దగ్గరికి పోయే రోజు ఎట్ల తెలుస్తుండెనో తెల్వది. ఒకసారి బంద్. బస్సు లేదు, ఆటో లేదు. ఇయ్యాల లేదులే బిడ్డా అన్న. అది చెప్పులేసుకొని తలుపు కాడ నిలవడ్డది. మాట లేకుండనే మొండితనం. నడుసుకుంట పోయినం. నడి రోడ్డు మీద పోరగాళ్లు క్రికెట్ ఆడుతున్నరు. కొత్తపేట పండ్ల మార్కెట్ మూసి ఉంది. ఎల్బీనగర్ చౌరస్తాల వంటావార్పు, రోడ్డు మీదనే పొయ్యిలు వెట్టి వండుతున్నరు, డప్పులు కొడ్తున్నరు. ఆ సప్పుడుకు సిరి నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. ఆ పట్టు నాకు ఎంత సుఖమనిపించిందో చెప్పలేను. ఆమె గల్లీకి మలిగినమో లేదో, చెయ్యి ఇడ్సిపెట్టి ఉరికింది.

ఆమె తలుపు తీసి, "నడిచొచ్చేశారు" అన్నది. గంతే, ఆశ్చర్యం గూడ లేదు. ఇంటి ఓనర్లు నాల్గు రోజులు మీ ఊరికి పోయి రారాదమ్మా అంటున్నరని పక్కింటామె నాతోని అన్నది. నేను ఆగలేక అడిగిన, "మేడం, మీకు భయమైతలేదా?"

"అవుతుందండి" అన్నది. గాజులు తీసి కిటికీల పెట్టి, గోడ పట్టుకొని కిందికి దిగింది. లోపల్నుంచి తలుపు దగ్గరికేసిన్రు.

ఆనాడే, బెంచి మీద కూసున్న నాకు నవ్వు వినవడ్డది. పక్కింటి పిల్లదనుకున్న. నా బిడ్డ నవ్వు నేను మర్సిపోయిన. తర్వాత మాట వినవడ్డది.

"జీబు పంచరైంది."

"పంక్చరైపోయింది. ఇంక కదల్దు" అన్నది ఆమె, కూరల ఉప్పు సరిపోయింది అన్నంత మామూలుగ.

"నాలుగు టైర్లు పంచరే!" అన్నది సిరి.

నేను బెంచి పట్టుకున్న. సంబురం గావాలె గద, అయింది. గుండె ఆగినంత అయింది. గాని దాని ఎనకాల్నే కుళ్లు వచ్చింది. ఇన్ని నెలలు ఎదురుచూసింది నేను. దేవుండ్లకు మొక్కింది నేను. ఆ మాట తీసుకపోయి ఆమెకిచ్చింది. నాకియ్యలే. ఒక్క తలుపు ఇవతల కూసున్న కన్నతల్లికి ఇయ్యలే. వాపసు నడుస్తుంటె, "ఏమాడినవ్ బిడ్డా?" అని అడిగిన. మూతి బిగవట్టి చౌరస్తాల పొగ దిక్కు చూసింది. ఇగ చూసుకోండి నా బాధ.

తెల్లారి మా ఆయనను దుకాణంల గల్లా కాడ కూసోవెట్టిన. సమ్మెల కాలేజీ బందే ఉండె. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాతంత తిరిగి బొమ్మలు కొన్న. ఆమె కాడ ఒక పులి ఉంటె నేను రెండు తెచ్చిన. ఆమెది పుల్లల ఇల్లు, నేను ప్లాస్టిక్ బంగ్ల తెచ్చిన, మెట్లు గూడ ఉన్నయి. జీబు మాత్రం ఆమెదానికంటె మస్తు పెద్దది, నొక్కితె లైట్లు ఎలుగుతయి, సైరన్ మోగుతది. ఇసుక కోసం కడుతున్న ఇంటి ముందట తట్ట పట్టుకొని నిలవడ్డ. బెడ్రూంల మూలకు అన్ని సర్ది, ఆమె లెక్కనే కింద కూసోని, సిరిని పిల్సిన.

"గిదేంది? పులి. గీయిన ఎవరు? డాడీనా? డాడీ ఏడికి వోతుండు? చెప్పు బిడ్డా. గా మేడం కాడ చెప్తవు గద, నాకు చెప్పవా? గిది సూడు, నీ జీబు." అని సైరన్ నొక్కిన.

సిరి రెండు చేతులతోని చెవులు మూసుకున్నది. నేను బంద్ చేసిన. అది లేసి, నేను తెచ్చిన కవర్లనే ఒక్కో బొమ్మ ఏసుకుంట, పులులు, బంగ్ల, జీబు, అన్ని ఏసి, ఆ కవరు తెచ్చి నా ఒళ్ల పెట్టింది. తిట్టినా బాగుండు.

ఆ వారం నేను ఆమె మీదికి లొల్లికే పోయిన. సిరి లోపల పులి దగ్గర కూసున్నది. నేను వాకిట్లనే అందుకున్న. "మేడం, ఏం మందు వెట్టిన్రు నా బిడ్డకు? మీతోని నవ్వుతది, మీతోని మాట్లాడతది. నేనేమన్న దుష్మన్నా దానికి? మీకు పిల్లలు లేరా, వేరే పిల్లలు దొర్కలేదా?"

ఆమె కండ్లద్దాలు తీసి కొంగుతోని తుడుసుకున్నది. "మీకు కోపంగా ఉంది" అన్నది.

చూసిన్రా! నా మీద గుడ గదే!

"ఉండదా? ఉంటది!" అన్న.

"చాలా కోపంగా ఉంది. పాప మాట మీకే రావాలనుంది."

ఇగ నాకు ఏడుపు ఆగలే. వాకిట్ల నిలవడి, పెద్దదాన్ని, ముక్కు చీదుకుంట ఏడ్సిన. ఆమె ఊకోమని అనలే, భుజం మీద చెయ్యి వెయ్యలే. అయిపోయేదాక నిలవడి, "మీరు కూర్చోండి లోపల. నేను బెంచీ మీద కూర్చుంటాను" అన్నది. పోయే ముందు చెప్పింది. "అడగొద్దు. నేర్పొద్దు. మెచ్చుకోవద్దు. తను ఏం చేస్తుంటే అది చెప్పండి చాలు. ఏదైనా చెయ్యమంటే చెయ్యండి. నోట్లోకి ప్రశ్న వస్తే మింగెయ్యండి."

మింగుడంటె ఏందో నాకు ఆనాడు తెల్సింది. ఇంట్ల నేను నోరు తెరిస్తె ప్రశ్ననే. తిన్నవా, రాసినవా, ఏడికి వోయినవ్, గదెందుకు ముట్టుకున్నవ్. చాప మీద కూసున్న. సిరి నా దిక్కు అనుమానంగ జూసింది. నేను గొంతు సరిచేసుకొని, "బొమ్మను ఇసుకల వెడ్తున్నవ్" అన్న. అది ఆగింది. మళ్ల పెట్టింది. "తల గుడ మునిగింది" అన్న. ఎవరు బొమ్మ, ఎందుకు ముంచినవ్ అని గొంతుదాక వచ్చింది. మింగిన. రెండు వారాలు గట్లనే మింగిన. ఇసుక, వంట, ఇసుక, పులి. మాట లేదు. బయట ఆమె దగ్గు వినవడేది, ఆ దగ్గు మీద గూడ నాకు కోపమొచ్చేది.

ఆ తర్వాత వారం సిరి పుల్లల ఇంటి ముందట కూసోని, అందుల ఒక మగ బొమ్మను పండవెట్టింది. జీబు తెచ్చి నా చేతిల వెట్టింది. నన్ను జూసి వేలు సాపి, "నువ్వు పోలీసు" అన్నది.

నాతోనే అన్నది. నాకే చెప్పింది. ఎత్తుకోని ముద్దు వెట్టుకోవాలనిపించింది. చెయ్యమన్నది చెయ్యండి అన్నదామె. జీబు నడిపిచ్చుకుంట ఇంటి ముందటికి పోయిన. సిరి లేసి నిలవడి, చేతులు రెండు అడ్డం వెట్టి, ఇల్లంత ఎగిరిపోయేటట్టు ఒర్లింది.

"మా డాడీ ఇంట్ల లేడు! పో! మా ఇంటికి రావద్దు! పో!"

కండ్లు ఎర్రగైనయి, మెడ నరాలు తేలినయి. ఆనాడు గడపల పాల గిలాస పట్టుకొని అనలేనిదంత నా మొఖం మీద అంటుంది. నేను తల్లిని బిడ్డా అందామనుకున్న. మింగిన. "పొమ్మంటున్నవ్. పోతున్న" అన్న. మోకాళ్ల మీద జీబు ఎనకకు నూకుకుంట తలుపు దాక పోయిన, తలుపు తీసుకొని బయటికి గుడ పోయిన. తర్వాత చిన్నగ, మామూలు గొంతుతోని వినవడ్డది.

"అమ్మా, అయిపాయె. ఇగ రా."

లోపలికి పోయే ముందు బెంచి దిక్కు జూసిన. ఆమె చెవి తలుపుకు ఆనిచ్చి కూసున్నది. నన్ను జూసి సర్దుకొని, కండ్లద్దాలు తీసి తుడుసుడు మొదలువెట్టింది. ఆ బెంచి మీద కూసున్నోళ్లకు ఎట్లుంటదో నాకు తెల్సు గద. ఆ మొఖంల గదే ఉంది. నాకు సంబురమైంది. చిన్న సంబురం గాదు, గణేశ్ లడ్డు వేలంపాట నేనే గెల్సినంత సంబురం.

ఆఖరి రోజు సిరి ఆ గల్లీ మొత్తం ముచ్చట వెట్టుకుంట నడ్సింది. ఎనకకు తిరిగి చూడలే. ఆమె వాకిట్ల నిలవడ్డది. "టాటా చెప్పు బిడ్డా" అని నేనంటుంటె, ఆమె వద్దు వద్దు అని చెయ్యి ఊపి, తనే ముందుగాల తలుపేసుకున్నది.

తర్వాత ఒక్కసారే కలిసింది. మా దుకాణంకే వచ్చింది, ఆకుపచ్చ చీరకు జాకెట్టు ముక్క కోసం. సిరి ఎట్లుంది అని అడుగుతదని నేను కాసుకొని ఉన్న. చెప్పనీకి జవాబులు గూడ తయారు చేసుకున్న, ఫస్ట్ ర్యాంకు, డ్యాన్సు, అన్ని. అడగలే! గల్లా మీద ఉన్న సిరి ఫోటో చాన సేపు జూసి, "ముందు పళ్లు వచ్చేశాయి" అన్నది. ముక్క తీసుకొని పోయింది. అడగొచ్చు గద, ఒక్కసారి అడగొచ్చు గద అని నేను ఆ దినమంత కొట్లాడుకుంటనే ఉన్న.

గిప్పుడు గా మనిషి లేదంట. రెండు రోజులు కడుపుల వెట్టుకొని తిరిగిన. మూడోనాడు సిరి కాలేజీ నుంచి వచ్చి అన్నం తింటుంటె, ఏడిస్తె ఏడ్వనీ అనుకొని చెప్పేసిన. "బొమ్మల మేడం పోయిందంట బిడ్డా."

సిరి ముద్ద నోట్ల వెట్టుకొని, "ఎవరమ్మా?" అన్నది.

"బొమ్మల మేడం. ఎల్బీనగర్ల. నీ చిన్నప్పుడు."

"యాదికొస్తలేదు."

"ఇసుక తొట్టి. పులి. కండ్లద్దాలు వెట్టుకుంటుండె, గాజులు తీసి కిటికీల వెడ్తుండె."

"లేదమ్మా. నిజంగ తెల్వది. పప్పు ఇంకొంచెం ఎయ్యి."

ఇన్నేండ్లు నేను ఏ పోటీ కోసమైతే పడి సచ్చిన్నో, ఆ పోటీ నేనే గెల్సిన. నా బిడ్డ మొత్తం నాదే. ఆమెకు ఇంతంత గూడ మిగలలే. సంబురం గావాలె గద. గంటె పళ్లెంల ఇసిరేసిన.

"ఎట్ల మరుస్తవే? నీకు మాటొచ్చిందే ఆమె ఇంట్ల! బంద్ నాడు గూడ తలుపు తీసింది నీకు! ఊరికి పొమ్మంటె గూడ పోలే! మోకాళ్లు ఇరిగినా కిందనే కూసుండె నీతోని!" నేను చెప్తనే ఉన్న. గంజి చీర, చల్లారిన చాయ, గోర్లల్ల రంగులు, "అది తనిష్టమండి" అనే ఆ గొంతు గూడ తీసి చూపిచ్చిన. నా నోటి నుంచి ఆమె పొగడ్త ఆగుతలేదు. సిరి అన్నం చెయ్యి ఎండవెట్టుకొని వింటుంది.

"నీకు గంత ఇష్టమా అమ్మా ఆమెంటె?"

"ఇష్టమా? ఆమెను జూస్తె నాకు ఒళ్లు మండేది" అన్న. చీర కొంగు మొఖానికి అడ్డం వెట్టుకున్న, ఏడుపు ఆగలే. సిరి ఏం చెయ్యాల్నో తెల్వక నన్ను చూసుకుంట కూసున్నది. ఆమె కోసం ఈ ఇంట్ల ఏడ్సేటోళ్లు నేను ఒక్కదాన్నే ఉన్న.